బ్యాంకాక్ నుంచి టోక్యోకి ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్క వేసుకోండిలా

ఉదయం 10 గంటలకు బ్యాంకాక్‌లో విమానం ఎక్కితే సాయంత్రం 6 గంటలకు టోక్యోలో దిగుతారని టికెట్ మీద ఉందనుకోండి. ప్రయాణం ఎనిమిది గంటలు కాదు, ఆరే. ఈ లెక్క ఒక్కసారి పట్టుబడితే ఏ రెండు నగరాలకైనా వాడుకోవచ్చు.

1. ముందు ఎయిర్‌పోర్టు ఏదో చూసుకోండి

బ్యాంకాక్‌కి సువర్ణభూమి (బీకేకే), డాన్ మువాంగ్ (డీఎంకే) అని రెండున్నాయి. టోక్యోకీ రెండే: హనేడా (హెచ్‌ఎన్‌డీ), నరీటా (ఎన్‌ఆర్‌టీ). హనేడా ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. నరీటా నగరం నడిబొడ్డు నుంచి దాదాపు 60 కి.మీ. దూరం. టికెట్ కాస్త చవగ్గా ఉందని తొందరపడకుండా ఈ మూడక్షరాల కోడ్ చూడండి.

2. దూరం కొలవండి

రోడ్డు దారి చూపించే ఆప్షన్ ఇక్కడ పనికిరాదు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఒక ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి, దూరాన్ని కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో ఎయిర్‌పోర్టు మీద నొక్కండి. సుమారు 4,600 కి.మీ. వస్తుంది. మైళ్లలో చూపిస్తే 1.609తో, నాటికల్ మైళ్లలో ఉంటే 1.852తో గుణించండి.

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, కాగితం మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీత అతి దగ్గరి దారి కాదు. గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోండి, అసలు దారి తెలుస్తుంది.

3. దూరాన్ని గంటల్లోకి మార్చండి

పెద్ద జెట్ విమానాలు గంటకు 850 నుంచి 900 కి.మీ. వేగంతో వెళ్తాయి. 4,600ని 850తో భాగిస్తే దాదాపు ఐదు గంటల 25 నిమిషాలు. రన్‌వే దాకా వెళ్లడానికి, పైకెక్కడానికి, దిగడానికి ఇంకో అరగంట కలపండి. ఆరు గంటలకు దగ్గరగా వచ్చేస్తుంది.

4. గాలిని లెక్కలోకి తీసుకోండి

చాలామంది వదిలేసేది ఇదే. భూమికి 9 నుంచి 12 కి.మీ. ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. జపాన్ మీద చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. టోక్యోకి వెళ్లేటప్పుడు అది వెనక నుంచి నెడుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురొస్తుంది. అందుకే దూరం అదే అయినా తిరుగు ప్రయాణానికి దాదాపు ఏడు గంటలు పడుతుంది. తిరుగు టికెట్ సమయాలు విడిగానే చూసుకోండి.

5. గడియారాల తేడా సరిచేయండి

టికెట్ మీద బయలుదేరే సమయం ఎక్కే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. టోక్యో గడియారం బ్యాంకాక్ కంటే రెండు గంటలు ముందుంటుంది. తూర్పుకి వెళ్తే ఆ రెండూ తీసేయండి: 10 నుంచి 6కి ఎనిమిది, అందులో రెండు పోతే ఆరు. తిరుగు దారిలో కలపండి: టోక్యోలో ఉదయం 10కి బయలుదేరి బ్యాంకాక్‌లో మధ్యాహ్నం 3కి దిగితే ఐదు ప్లస్ రెండు, ఏడు గంటలు. ఈ రెండు దేశాల్లోనూ ఎండాకాలం గడియారం మార్చే పద్ధతి లేదు, కాబట్టి ఏడాదంతా ఇదే తేడా.

రాత్రి విమానమైతే దిగే సమయం పక్కన +1 ఉందేమో చూడండి. అంటే మర్నాడు దిగుతారన్నమాట. హోటల్ బుకింగ్ ఆ తేదీకే చేయాలి.

6. మధ్యలో ఆగే విమానమైతే

రెండు విమానాల సమయాలకూ మధ్యలో ఎదురుచూసే గంటలు కలపండి. మారాల్సిన చోట ఎయిర్‌పోర్టే వేరైతే, ఉదాహరణకు హనేడాలో దిగి నరీటాలో ఎక్కాల్సి వస్తే, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని ఊరు దాటి వెళ్లాలి. అలాంటి టికెట్‌కి మధ్యలో ఐదారు గంటలైనా లేకపోతే టెన్షన్ తప్పదు.