క్యాటరింగ్ టెండర్ వేస్తున్నారా, రేటు కంటే ముందు కాగితాలు చూస్కోండి

మా బాబాయ్ ఇరవయ్యేళ్ల నుంచి పెళ్లిళ్లకి వండుతున్నాడు, వెయ్యి మందికి వడ్డించినా ఎక్కడా మాట రానివ్వడు. అలాంటాయన ఒక సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ హాస్టల్ మెస్‌కి టెండర్ వేస్తే టెక్నికల్‌లోనే తీసేశారు, ఆయన రేటు ఎంతో కూడా ఎవరూ చూడలేదు. నాకు చాలా బాధేసింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

ఆన్‌లైన్ టెండర్‌లో ఎక్కువగా రెండు కవర్లుంటాయి. కమిటీ ముందు టెక్నికల్ కవర్, అంటే మన అర్హత కాగితాలున్నది తెరుస్తుంది, అందులో పాసైనవాళ్ల రేట్ కవరే తర్వాత తెరుస్తారు. పొరపాటున టెక్నికల్ పేపర్లలో రేటు పెట్టారంటే బిడ్ పోయినట్టే.

అసలు జల్లెడ పట్టేది అనుభవం దగ్గర. సెంట్రల్ ఆఫీసులు చాలావరకు 2002లో సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ (ప్రభుత్వ ఆఫీసుల్లో అవినీతి మీద కన్నేసే సంస్థ) చెప్పిన లెక్కే వాడతాయి, అది కట్టడం పనుల కోసం వచ్చింది కానీ క్యాటరింగ్ టెండర్లలో కూడా అదే కనిపిస్తుంది. టెండర్ అంచనా కోటి రూపాయలు అనుకోండి, గత 7 ఏళ్లలో అలాంటి పని 80 లక్షలది ఒకటి గానీ, 50 లక్షలవి రెండు గానీ, 40 లక్షలవి మూడు గానీ పూర్తి చేసుండాలి, పైగా గత 3 ఏళ్ల సగటు టర్నోవర్ 30 లక్షలుండాలి. మీ టెండర్‌లో ఏ అంకెలున్నాయో అవే ఫైనల్, అవి చూస్కోండి.

ఇక్కడ "అలాంటి పని" అంటే ఏంటో టెండర్‌లో రాసుంటుంది, ఆ రెండు లైన్లు పదిసార్లు చదవండి. హాస్టల్, హాస్పిటల్, ఆఫీస్ క్యాంటీన్ అని రాస్తే పెళ్లి ఆర్డర్లు ఎన్ని చేసినా లెక్కలోకి రావు, మా బాబాయ్‌ది అక్కడే పోయింది. ఇంకోటి, వర్క్ ఆర్డర్ ఒక్కటే ఉంటే సరిపోదు, పని ఎప్పట్నుంచి ఎప్పటిదాకా చేశారు, ఎంత బిల్లయింది, బాగా చేశారా లేదా అని వాళ్ల లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ కావాలి. ప్రైవేట్ కంపెనీకి చేసుంటే టీడీఎస్ (బిల్లులోంచి ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) కట్ అయిన రుజువు కూడా అడుగుతుంటారు, క్యాష్‌లో చేసిన పనికి అది ఎక్కడ్నుంచి తెస్తాం చెప్పండి.

మిగతావి ఫుడ్ లైసెన్స్, జీఎస్టీ, పాన్, పీఎఫ్, ఈఎస్ఐ, బ్లాక్‌లిస్ట్‌లో లేమని డిక్లరేషన్. లైసెన్స్ గడువు అయిపోలేదు కదా, అందులో క్యాటరింగ్ అని ఉందా అన్నది చూడండి. టర్నోవర్‌కి సీఏ ఇచ్చే సర్టిఫికెట్ మీద యూడిన్ నంబర్ (ఆ సర్టిఫికెట్ అసలుదో కాదో ఆన్‌లైన్‌లో చూసుకునే నంబర్) ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం చేసే నమోదు) ఉన్న చిన్న సంస్థలకి సెంట్రల్ టెండర్లలో ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్, మినహాయింపు ఉంటుంది, దాంతోపాటు అనుభవం కూడా అడగరులే అనుకోవద్దు, ఆ సడలింపు టెండర్‌లో రాస్తేనే ఉన్నట్టు.

పాసైనవాళ్లలో మామూలుగా తక్కువ రేటుకే ఇస్తారు. 2021 నుంచి కొన్ని సర్వీస్ టెండర్లలో క్వాలిటీకి కూడా మార్కులేస్తున్నారు, అవి 30 శాతం దాటకూడదు. అలాంటివైతే మీరు నడిపే కిచెన్‌కి కమిటీ వచ్చి చూసే ఛాన్స్ కూడా ఉంది.

డౌట్లుంటే ప్రీబిడ్ మీటింగ్ (బిడ్లు వేయకముందు డౌట్లు తీర్చడానికి ఆఫీసు పెట్టేది) లోపే రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో ఎవరో చెప్పిన మాట తర్వాత పనికిరాదు.

బాబాయ్ ఇప్పుడు ఒక ప్రైవేట్ కాలేజీ మెస్ నడుపుతున్నాడు, డబ్బులన్నీ బ్యాంకులోనే తీస్కుంటున్నాడు, మార్చి అయిపోగానే ప్రిన్సిపాల్ దగ్గర సర్టిఫికెట్ రాయించుకుని ఫైల్‌లో పెడుతున్నాడు.