దూరప్రయాణపు లారీని లోపలా బయటా శుభ్రంగా ఉంచుకోవడం
క్యాబిన్‌ను పైనుంచి కిందికి శుభ్రం చేయాలి. డ్యాష్‌బోర్డు దుమ్ము దులపకముందే నేల తుడిస్తే చేసిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది. రబ్బరు మ్యాట్ల కింద చేరిన తడి వల్ల ముక్కవాసన, తుప్పు మొదలవుతాయి కనుక, వాటిని తీసి కడిగి, నేల పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పరచాలి. పెడళ్లకు మెరుపు కోసం ఏమీ పూయకూడదు, కాలు జారుతుంది.

ఎండకు కాగిన బాడీ మీద షాంపూ ఆరిపోయి మరకలు కడుతుంది కాబట్టి బయటి భాగాన్ని నీడలో, ఇంజిన్ చల్లారాక కడగాలి. ముందు వట్టి నీటితో ఇసుకను జార్చకుండా గుడ్డతో రుద్దితే పెయింటుపై గీతలు పడతాయి. ప్రెషర్ వాషర్‌ను రేడియేటర్ రెక్కలకు, వైరింగ్ కనెక్టర్లకు దగ్గరగా పట్టరాదు. నీటి ధాటికి కీళ్లలోని గ్రీజు కూడా పోతుంది గనుక కడిగిన తరువాత మళ్లీ గ్రీజు కొట్టించడం మంచిది. అద్దాలు, లైట్లు, రిఫ్లెక్టర్లు మాత్రం ఆగిన ప్రతిచోటా తుడవాలి.