పేరున్న పెద్దల ఇంటి గోడకు వాళ్ల గుర్తుగా శిలాఫలకం ఎలా పెట్టాలి?

ఇల్లు చేతులు మారి ఉంటే ముందు ఇప్పటి ఇంటాయన దగ్గర ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు నల్ల గ్రానైట్ పలక చాలు. ఇత్తడి వద్దు, నల్లబడుతుంది, లేదంటే రాత్రికి రాత్రే మాయమవుతుంది.

కష్టమంతా రాతలోనే ఉంది. ఆ మనిషి అక్కడ పుట్టారా, కాపురమున్నారా, ముందు అది తేల్చుకోండి. హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు గారనగానే షాద్‌నగర్ పక్క బూర్గులలోనే పుట్టారనుకుంటారు. బూర్గుల సొంతూరు, 1899లో పుట్టింది మాత్రం కల్వకుర్తి వైపు పడకల్లులో. ఊళ్లో నలుగురిని అడిగితే నాలుగు సంవత్సరాలు చెప్తారు. కాగితంలో దొరకని సంవత్సరాన్ని రాయికెక్కించకండి.

ఐదు లైన్లు దాటొద్దు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి '1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు' అని రాస్తే పిల్లలు కూడా ఆగి చదువుతారు. 'మహాయోధుడు, త్యాగధనుడు' అని ఎవరికైనా రాయొచ్చు. ఆవిష్కరించినవాళ్ల పేర్లు అడుగున, చిన్నగా. ఒక ఊళ్లో పదకొండు పేర్లు దాటాక గానీ అసలాయన పేరు రాలేదు!

ఇప్పుడు అసలు గండం. మీరు ఫోన్‌లో పంపిన మ్యాటర్‌ని స్టిక్కర్ కటింగ్ షాపువాళ్లు వాళ్ల ఫాంట్‌లోకి మార్చగానే ఒత్తులు ఎగిరిపోతాయి. నా మొదటి పలక మీద 'స్వాతంత్ర్య'లో రావత్తు పోయింది. స్క్రీన్ మీద చూసి ఓకే అన్నది నేనే. తెలిసిన మాట కదా, కన్ను తనే సరిచేసుకుని చదివేస్తుంది. అందుకే అసలు సైజులో ప్రింట్ తీయించి, సంగతేమీ తెలియని పదో తరగతి పిల్లాడితో ఒక్కో అక్షరం పైకి చదివించండి. స్టిక్కర్ పలకకు అంటించాక, ఇసుక కొట్టకముందు, అంటే గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి అక్షరాలు చెక్కకముందు, మళ్లీ చదివించండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీయండి. ఇసుక కొట్టాక తప్పు కనబడితే పలక తిరగేసి వెనకవైపు మళ్లీ చెక్కించుకోవడమే. అక్షరాలకు తెల్లరంగే వేయించండి, బంగారు రంగు ఎండకు వెలిసిపోతుంది.

బిగించడం మేస్త్రీకి గంట పని. పాత డంగుసున్నం గోడైతే సిమెంటు ముట్టనివ్వకండి, చెమ్మ లోపలే ఉండిపోయి గోడ పెచ్చులూడుతుంది. సున్నంతోనే పెట్టించి, మూలలకు స్టీలు స్క్రూలు వేయించండి. పలక దర్వాజకు కుడిపక్కన, కంటి ఎత్తులో ఉండాలి. దర్వాజ పైన మామిడాకులుంటాయి, అక్కడ పెడితే పండగ పండగకీ పేరు కనబడదు.

ఆవిష్కరణ రోజు కొబ్బరికాయ గడప దగ్గర కొట్టండి, పలకకు కాదు.