ఇంగ్లీష్ క్లాసులో నోరు విప్పని పిల్లల చేత మాట్లాడించేది ఎలా?

ఇంగ్లీష్ పీరియడ్ అనంగానే తల దించుకునే పిల్లలు ఏ క్లాసులోనైనా ఉంటారు, మా కడప వైపు స్కూళ్ళలో అయితే సగం బెంచీలు అట్లే ఉంటాయి. వాళ్ళకి ఇంట్రెస్ట్ లేదని మనం అనేసుకుంటాం గానీ ఏ పిల్లోణ్ణి పక్కకి పిలిచి అడిగినా ఇంగ్లీష్ రావాలనే ఉంటుంది, తప్పు మాట్లాడితే నవ్వుతారేమో అనే సిగ్గే నోరు కట్టేస్తుంది. "ఇంగ్లీష్ వస్తే ఉద్యోగాలొస్తాయి" అని రోజూ చెప్పి లాభం లేదు, ఎనిమిదో క్లాసు పిల్లకి ఉద్యోగం చాలా దూరం. ముందు సిగ్గు పోవాలి. నేను క్లాసులో చేసే వరస చెప్తా, మీ పిల్లల్ని బట్టి మార్చుకోండి.

మొదటి వారం చీటీలతో మొదలుపెట్టండి

పాఠం తెరవకముందే అందరికీ చిన్న చీటీలివ్వండి, పేరు రాయక్కర్లేదు, తెలుగులోనే రాయమనండి: ఇంగ్లీష్ మాట్లాడాలంటే నీకేం అడ్డమొస్తుంది? నా క్లాసుల్లో ప్రతి ఏడాదీ ఎక్కువ చీటీల్లో ఉండేది గ్రామర్ కాదు, "నవ్వుతారు" అనే మాటే. ఒక అబ్బాయి లేచి "హి గో" అన్నాడని క్లాసంతా నవ్వితే ఆ రోజు నేను వెంటనే ఆపలేదు, తర్వాత రెండు నెలలు ఆ పిల్లోడు నోరు తెరవలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే ఇప్పుడు మొదటి రోజే చెప్తా, ఇక్కడ తప్పు మాట్లాడొచ్చు, నవ్వకూడదు అని. నవ్వినోళ్ళని తిట్టను, "సరే నాన్నా, నువ్వు చెప్పు" అని అదే ప్రశ్న వాళ్ళనే అడుగుతా.

తప్పు దిద్దేది మాట మధ్యలో కాదు

పిల్ల "ఎస్టర్‌డే ఐ గో టు ప్రొద్దుటూరు" అంటే అక్కడే ఆపి "గో కాదు, వెంట్" అనొద్దు. "ఓహ్, యు వెంట్ టు ప్రొద్దుటూర్? వాట్ డిడ్ యు బయ్?" అని మాట ముందుకు తీసకపోండి. సరైన మాట చెవిన పడుతుంది, అవమానం ఉండదు, పైగా మేడమ్ నేను చెప్పేది వింటోంది అని ఆ పిల్లకి తెలుస్తుంది. రాసేటప్పుడు మాత్రం తప్పులు గట్టిగానే దిద్దండి, నోట్‌బుక్‌లో ఎర్ర గీత పడితే అది నలుగురికీ కనపడదు.

ఇంకోటి, ప్రశ్న అడిగినాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల్ని గమనిస్తే టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగి ఇంకొకర్ని అడిగేస్తున్నారని తేలింది, మూడు సెకన్లు లేదా ఇంకొంచెం ఎక్కువ ఆగితే పిల్లల జవాబులు పొడుగయినాయి, మామూలుగా మాట్లాడనోళ్ళు కూడా మాట్లాడినారు. ఆమె చూసింది సైన్స్ క్లాసుల్ని. మన పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లోకి మార్చుకోవాలి కాబట్టి మనం ఇంకా ఎక్కువ ఆగాలి, నేను మనసులో ఐదు లెక్కపెట్టుకుంటా. ముందు పక్కనోడితో చెప్పుకోనిచ్చి తర్వాత లేపితే ఇంకా ధైర్యంగా చెప్తారు.

మీకు ఆల్రెడీ వచ్చు అని చూపించండి

స్కూలు నుంచి బస్టాండు దాకా బోర్డుల మీద, సబ్బు కవర్ల మీద, మాత్రల అట్టల మీద కనపడే ఇంగ్లీష్ మాటలు ఏరుకొని రమ్మనండి. రీఛార్జ్, స్విచ్, మోటార్, లోన్, ఆపరేషన్... చదువుకోని అవ్వ నోట్లో కూడా ఇవి ఉన్నాయి. నలభై మంది తెచ్చిన మాటలు బోర్డు మీద రాస్తే బోర్డు నిండిపోతుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలు మా క్లాసుల్లో చాలామంది, వాళ్ళకైతే నువ్వు ఇప్పటికే రెండు భాషల మనిషివి, ఇది మూడోది అని చెప్పండి, ముఖాలు వెలిగిపోతాయి.

బ్రౌన్ దొర కథ చెప్పండి

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు వచ్చి తెలుగు మొదలుపెట్టినాడు, 1820లో ఉద్యోగం మీద కడపకొచ్చినాడు. ఇక్కడ బంగళా కొని, పండితుల్ని పెట్టుకొని, సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలకి నకళ్ళు రాయించినాడు. వేమన పద్యాలు ఏరి ఇంగ్లీష్‌లోకి మార్చి 1829లో అచ్చేయించినాడు, ఆ తర్వాత నిఘంటువు కూడా చేసినాడు. మన "ళ", "ణ" ఆయన నాలుకకి ఎంత కష్టమై ఉంటుందో పిల్లల్నే ఊహించమనండి. మన భాషని పరాయి భాషగా నేర్చుకున్న మనిషి మన ఊర్లోనే ఉన్నాడంటే, ఆ పని మేమూ చేయొచ్చు అనే నమ్మకం వస్తుంది. వీలైతే కడప ఎర్రముక్కపల్లిలో ఆయన పేరు మీదున్న లైబ్రరీకి తీసకపోండి.

మాట్లాడే పని ఇవ్వండి

"మై కౌ" వ్యాసం ఎవరికి చెప్పాలి? వినేవాళ్ళు నిజంగా ఉండాలి. మా వైపు కువైట్ పోయినోళ్ళు ఉన్న ఇళ్ళు చాలా, వారానికొకసారి నాన్నకో చిన్నాయనకో అర నిమిషం ఇంగ్లీష్ వాయిస్ మెసేజ్ పెట్టమంటా, అక్కణ్ణుంచి "బాగా మాట్లాడినావ్ రా" అని వచ్చిందంటే పిల్లోడు పరిగెత్తుకుంటూ వచ్చి వినిపిస్తాడు. ఎవరూ దూరంలో లేని పిల్లలకి గండికోట గైడ్ ఆట: ఒకరు టూరిస్ట్, ఒకరు గైడ్, పెన్నా లోయ దగ్గర నిలబడినట్టు నాలుగు వాక్యాలు చెప్పాలి. కారం దోసె ఎట్ల పోస్తారో, కడప బండ ఎట్ల కోస్తారో చెప్పమన్నా సరే, విషయం వాళ్ళకి బాగా తెలిసిందైతే వెతుక్కోవాల్సింది మాట ఒక్కటే.

చాక్లెట్లు, ప్రైజులు ఎప్పుడైనా ఒకసారి చాలు. తెలుగు మాట్లాడితే ఫైన్ మాత్రం పెట్టొద్దు, మాట దొరకనప్పుడు తెలుగు మాట పెట్టి వాక్యం పూర్తి చేయనివ్వండి.

చివరగా, జూన్‌లో ప్రతి పిల్ల గొంతు అర నిమిషం ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, ఎవరికీ వినిపించొద్దు. సంక్రాంతి సెలవలకి ముందు ఇంకోసారి రికార్డ్ చేసి, ఒక్కొక్కర్ని పిలిచి రెండూ వాళ్ళకే వినిపించండి. పోయినేడు ఒక పాప మొదటిది విని, "ఇది నేనేనా మేడమ్?" అని మూడుసార్లు వేయించుకుంది.