డైసీ మొక్క కొనేముందు ట్యాగ్ మీద పేరు చూడండి

బెంగళూరులో లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీల్లో డైసీ అని అడిగితే ఒక్కో చోట ఒక్కో మొక్క చేతిలో పెడతారు, వాళ్ళ తప్పేం లేదు లెండి, తెల్ల రేకులు మధ్యలో పసుపు ఉంటే అందరూ డైసీ అనేస్తారు. అందుకే ట్యాగ్ మీద సైంటిఫిక్ పేరు ఉంటే ఫోటో తీసుకోండి. అందులో మొదటి మాట ప్రజాతి, అంటే దగ్గరి బంధువులైన మొక్కల గుంపు, రెండోది ఆ గుంపులోని జాతి. బెల్లిస్ పెరెన్నిస్ అంటే అసలు యూరప్ డైసీ, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు, ఇది చలికాలం మొక్క, మార్చి ఎండలకి వాడిపోతుంది. ల్యూకాంథెమం అని ఉంటే షాస్తా డైసీ, దానికి బాగా ఎండ కావాలి. జెర్బెరా అయితే ఆకులు మొలిచే మొదలు భాగాన్ని మట్టిలో పూడ్చకండి, కుళ్ళిపోతుంది.

ట్యాగ్ లేదా? ఆకులు చూడండి. బెల్లిస్‌కి చెంచా లాంటి చిన్న ఆకులు నేలకి అంటుకుని గుండ్రంగా ఉంటాయి, పూకాడకి ఆకులుండవు. జెర్బెరాకీ కాడ బోడిగానే ఉంటుంది కానీ ఆకులు పెద్దవి, అంచులు చీలి ఉంటాయి. షాస్తాకి కాడ పొడుగునా ఆకులుంటాయి.

ఇవన్నీ ఆస్టరేసి కుటుంబమే, మన చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కూడా. ఒక్క పువ్వు అనుకునేది నిజానికి బోలెడు చిట్టి పూల గుత్తి, ఒక్కో తెల్ల రేకూ ఒక పువ్వే! కేఆర్ మార్కెట్లో చామంతి కొన్నప్పుడు ఒకటి విడదీసి చూడండి, పిల్లలకి భలే నచ్చుతుంది.