ఇటలీలో మీరిద్దరూ, ఒక చిన్న కారు: సరస్సుల నుంచి డోలమైట్స్ దాకా

ఇటలీ అనగానే మనవాళ్లు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ అని మొదలుపెడతారు. ఆ మూడూ చూడాలంటే రైలెక్కండి, అక్కడ కారు ఉంటే అనవసరమైన టెన్షన్. కారు నిజంగా పనికొచ్చేది ఉత్తరాన, మిలాన్ పైనున్న సరస్సుల దగ్గర మొదలుపెట్టి డోలమైట్స్ కొండలు ఎక్కి, దిగేటప్పుడు పాత కోట ఊళ్లు చూసుకుంటూ వెనక్కి వచ్చే దారిలో. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఇద్దరే బయల్దేరాలనుకునే భార్యాభర్తల కోసం రాస్తున్నాను. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లొచ్చిన చెయ్యి అయితే అక్కడి కొండ మలుపులకు భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఊళ్లకు. ఒక్క సూత్రం గుర్తుంచుకోండి చాలు: కారు ఊరికీ ఊరికీ మధ్యన, ఊళ్లోకి మాత్రం నడక.

ఎప్పుడు వెళ్లాలంటే జూన్ రెండో సగం, లేదా సెప్టెంబర్. మే నెలలో ఎత్తైన కనుమలు కొన్ని మంచుతో మూసే ఉండొచ్చు. ఆగస్టు 15 వాళ్లకు పెద్ద పండగ, ఆ వారం అటూ ఇటూ ఇటలీ మొత్తం సరస్సుల మీదే ఉంటుంది, గదుల ధరలు చెప్పక్కర్లేదు. నా ఓటు సెప్టెంబర్‌కే. ఎండ మెత్తబడుతుంది, జనం తగ్గుతారు, తిరిగొచ్చాక పైడితల్లి సిరిమాను కూడా తప్పిపోదు.

కాగితాల పని. ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు, కానీ అంతవరకూ లాగేవాళ్లకు దండం. ఫీజు పెద్దవాళ్లకు తలా 90 యూరోలు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేలిముద్రలు ఇవ్వడానికి ఇద్దరూ స్వయంగా వెళ్లాలి, గత 59 నెలల్లో ఇచ్చి ఉంటే మాత్రం మామూలుగా మళ్లీ అడగరు. ఇక డ్రైవింగ్‌కు మన లైసెన్స్ ఒక్కటే చాలదు, ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. పరివాహన్ సైట్‌లో అప్లై చేస్తారు, ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే ఇద్దరూ తీసుకోండి. రెండో డ్రైవర్ పేరు అగ్రిమెంట్‌లో ఎక్కించడానికి రెంటల్ వాళ్లు అదనంగా అడుగుతారు, అయినా ఇవ్వండి, పేరు లేని మనిషి నడుపుతుంటే ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ పనిచేయదు.

కారు చిన్నది తీసుకోండి. ఫియట్ పాండా లాంటిది. ఇద్దరికి రెండు పెట్టెలు, అంతకంటే ఎందుకు? అక్కడి పాత రోడ్లు ఎడ్లబళ్ల కాలంలో వేసినవి, పెద్ద ఎస్‌యూవీ తీసుకుంటే ప్రతి ఊళ్లోనూ శ్వాస బిగబట్టాలి. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, అక్కడ గేర్ బండ్లే ఎక్కువ. మొదటిసారి కుడివైపు రోడ్డు మీద నడిపేవాళ్లు ఆ కాస్త ఎక్కువ డబ్బు పెట్టి ఆటోమేటిక్కే తీసుకోవడం మంచిది. డిపాజిట్ బ్లాక్ చేయడానికి ప్రధాన డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డు చాలా చోట్ల ఒప్పుకోరు. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ సరిపోతుందో లేదో చూసుకోండి. తాళం చేతికిచ్చాక, కదలక ముందే, నాలుగు పక్కలా ఫోన్‌తో వీడియో తీయండి. చక్రాల అంచులు, అద్దాల వెనక, డిక్కీ కింద కూడా.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, రోడ్డుకు కుడివైపున నడపాలి. రూల్ గంటలో అలవాటవుతుంది, అలవాటు కానిది కారు వెడల్పు. మనం ఇన్నాళ్లూ బండి శరీరమంతా మన ఎడమకు ఉందనుకుని నడిపాం, ఇప్పుడు అది కుడికి వెళ్లింది, చెయ్యి మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది కాబట్టి కారు మెల్లగా కుడికి జరిగిపోతూ గోడలకు, ఆపిన బండ్ల అద్దాలకు రాసుకోబోతుంది. అందుకే పక్క సీటు ఖాళీ సీటు కాదు. మా బండిలో మా ఆయన స్టీరింగ్, నేను కుడి అంచు. "ఏమండీ, కుడి అద్దం!" అనడమే మొదటి రోజంతా నా ఉద్యోగం. ఆయన ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఆడేవి, ఎందుకంటే అక్కడ ఇండికేటర్ కాడ ఎడమవైపు ఉంటుంది. ఎండలో వైపర్లు ఆడుతూ వస్తున్న కారు కనిపిస్తే అది మనవాళ్లదే అనుకోవచ్చు.

రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్లదే దారి, అంటే ఎడమ నుంచి వచ్చేవాళ్లను పోనిచ్చి మనం దూరాలి. ఏ దారిలో బయటికి పోవాలో తేలకపోతే ఇంకో చుట్టు తిరగండి, ఎవరూ ఏమీ అనరు. హారన్ మాత్రం మర్చిపోండి, ఊళ్లలో ప్రమాదం ఉంటే తప్ప కొట్టకూడదు. ఊరు దాటితే పగలు కూడా హెడ్‌లైట్లు వేసుకోవాలి.

జెడ్‌టీఎల్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, డబ్బులు పోయేది ఇక్కడే కనుక. పాత ఊళ్ల నడిబొడ్డున బయటివాళ్ల బండ్లకు ప్రవేశం లేని ప్రాంతాలుంటాయి, వాటినే జెడ్‌టీఎల్ అంటారు. తెల్ల వృత్తం, ఎర్ర అంచు, కింద "జోనా ట్రాఫికో లిమితాతో" అని బోర్డు. గేటు ఉండదు, పోలీసు ఉండడు, పైన చిన్న కెమెరా ఉంటుంది, అంతే. లైట్ల బోర్డు మీద "వార్కో ఆత్తివో" అని ఉంటే కెమెరా పనిచేస్తోందని, లోపలికి పోకూడదని అర్థం. చాలామంది దీన్ని దారి తెరిచి ఉంది కాబోలనుకుంటారు. ఫోన్ మ్యాప్ కూడా ఒక్కోసారి నేరుగా అందులోకే తీసుకెళ్తుంది. హోటల్ లోపలే ఉంటే ముందుగా మెయిల్ పెట్టి, కారు నంబరు రిజిస్టర్ చేయిస్తారేమో రాతపూర్వకంగా అడగండి. నన్నడిగితే కోట గోడల బయటే గది తీసుకోవడం హాయి.

పార్కింగ్‌కు గీతల రంగు చూడాలి. తెల్లగీత సాధారణంగా ఉచితం, నీలంగీత డబ్బులు, పసుపుగీత మనది కాదు. కొన్ని తెల్లగీతల దగ్గర గడువు రాసి ఉంటుంది, అక్కడ కారులో ఉండే నీలం అట్టచక్రాన్ని మీరు వచ్చిన టైముకు తిప్పి అద్దం వెనక పెట్టాలి. ఆ చక్రం కారులో ఉందో లేదో తీసుకునేటప్పుడే చూడండి.

ఆటోస్ట్రాడా అంటే టోల్ ఉండే పెద్ద రోడ్డు, పచ్చ బోర్డులు. ఎక్కేటప్పుడు టికెట్ తీసుకుని దిగేటప్పుడు కట్టాలి. పసుపురంగు టెలిపాస్ లైన్లలోకి మాత్రం వెళ్లకండి, అవి మన ఫాస్టాగ్ లాంటివి. మాల్పెన్సా నుంచి కోమో వైపు వెళ్లే ఏ36 రోడ్డుకు అసలు బూత్‌లే లేవు, 15 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో మనమే కట్టాలి. స్పీడు ఆటోస్ట్రాడా మీద 130, వానలో 110, ఊళ్లో 50, మామూలు బయటి రోడ్డు మీద 90. కెమెరా దగ్గర బ్రేకు వేసి దాటాక తొక్కేద్దామనుకుంటే కుదరదు, చాలా చోట్ల రెండు పాయింట్ల మధ్య సగటు వేగం లెక్కేస్తారు. బంకులో "గాసోలియో" అని ఉంటే అది డీజిల్, పెట్రోలుకు "బెంజీనా" చూసి కొట్టించండి. మనమే కొట్టుకునే పంపు దగ్గర రేటు తక్కువ.

ఇక దారి. పది పన్నెండు రోజులు చేతిలో ఉన్నాయనుకుందాం. విమానం దిగిన రోజు ఎక్కువ దూరం నడపొద్దు, వైజాగ్‌లో బయల్దేరింది మొదలు సరైన నిద్ర ఉండదు. మాల్పెన్సాకు దగ్గర్లోనే మజ్జోరే సరస్సు ఒడ్డున ఆరోనా అనే ఊరుంది, మొదటి రాత్రి అక్కడ పడుకోండి. కొండమీద సాన్ కార్లో అనే ఆయన రాగి విగ్రహం ఉంటుంది, 1698లో పూర్తయింది, దిమ్మెతో కలిపి 35 మీటర్లు, లోపలి నుంచి తల దాకా ఎక్కొచ్చు.

తర్వాత కోమో. తలకిందులైన వై అక్షరంలా ఉంటుంది ఈ సరస్సు, 400 మీటర్లకు పైగా లోతు. పడమటి ఒడ్డున మెనాజ్జోలోనో, తూర్పున వరెన్నాలోనో గది తీసుకుని కారు పక్కన పెట్టేయండి. బెలాజ్జియోకు పడవ మీద పోండి. కారును కూడా ఎక్కించుకునే పడవలున్నాయి, అవి ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు బస మార్చే రోజున వాడుకోవాలి, బెలాజ్జియో సందుల్లో పార్కింగ్ వెతకడానికి కాదు.

గార్డా వైపు పోతూ బెర్గమోలో సగం రోజు ఆగండి. కారు కింది ఊళ్లో పెట్టి 1887 నుంచి నడుస్తున్న ఫ్యునిక్యులర్, అంటే తాడు లాగే కొండరైలు, ఎక్కితే పాత ఊళ్లోకి వెళ్తారు. చుట్టూ వెనిస్ పాలకులు కట్టిన గోడలు, 2017లో యునెస్కో జాబితాకెక్కాయి. గార్డా ఇటలీలోకెల్లా పెద్ద సరస్సు, 370 చదరపు కిలోమీటర్లు. తూర్పు ఒడ్డున మాల్చేసినేలో ఉంటే మోంతే బాల్దో కొండకు కేబుల్ కారు ఉంది, పైకి పోతూ మనం నిలబడే క్యాబిన్ మొత్తం గుండ్రంగా తిరుగుతుంది. పొద్దున గాలి ఉత్తరం నుంచి, మధ్యాహ్నం దక్షిణం నుంచి వీస్తుంది, అలలు కూడా లేస్తాయి. కళింగపట్నం సముద్రం చూసినవాళ్లు నవ్వుతారు కానీ పడవ ఎక్కాక నవ్వరు. పడమటి ఒడ్డు రోడ్డు 1931లో తెరిచారు, సొరంగం వెనక సొరంగం, వెలుగు చీకటి మారిపోతుంటే కళ్లు తిరుగుతాయి, చల్లద్దాలు తీసేసి నడపండి.

రీవా, ట్రెంటో మీదుగా డోలమైట్స్‌కు. బోర్డుల మీద ఒక్కో ఊరికి రెండు పేర్లు కనిపిస్తాయి, మొదటి ప్రపంచ యుద్ధం దాకా బోల్జానో ప్రాంతం ఆస్ట్రియాది కాబట్టి ఇటాలియన్, జర్మన్ రెండూ నడుస్తాయి. బోల్జానో మ్యూజియంలో 1991లో మంచులో దొరికిన ఓట్జీ శవం ఉంది, 5,300 ఏళ్ల నాటిది. అరసవల్లి, శ్రీకూర్మం పాతవనుకునే మనకు అది వేరే లెక్క.

ఓర్తిసేయిలోనో కనాజేయిలోనో కనీసం మూడు రాత్రులు ఒకే చోట ఉండండి. సెల్లా, గార్దేనా, పోర్దోయి, కాంపొలోంగో అనే నాలుగు కనుమలు కలిపితే ఒక కొండ చుట్టూ చుట్టు పూర్తవుతుంది. మ్యాప్‌లో చిన్నగా కనిపిస్తుంది కానీ రోజంతా పడుతుంది, పట్టాలి కూడా. పోర్దోయి 2,239 మీటర్ల ఎత్తు, అరబ్బా వైపు నుంచి 33 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకూ నంబరు బోర్డు. పొద్దున ఎనిమిదింటికే ఎక్కేయండి, పది దాటాక బైకులు, బస్సులు, ఊపిరి ఎగబీల్చుకుంటూ తొక్కే సైకిల్ వాళ్లు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలుంచి దిగకుండా రెండో గేరులో దిగండి. సైకిల్ పోటీల కోసం ఈ కనుమలను కొన్ని రోజులు కార్లకు మూసేస్తారు, మీ తేదీలు సరిచూసుకోండి. అల్పే ది సియూసి పచ్చికబయలుకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా సొంత కార్లను పోనివ్వరు, కేబుల్ కారులో పోవాలి. బ్రాయెస్ సరస్సుకు రద్దీ వేసవిలో, ట్రే చీమే అనే మూడు శిఖరాల దగ్గరికి సీజన్‌లో, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి. సాయంత్రం రాయి గులాబీ రంగుకు తిరిగే సమయానికి మాత్రం గదికి తిరిగొచ్చేయకండి.

వెనక్కి వచ్చేటప్పుడు కోర్తీనా మీదుగా దిగి బస్సానో దెల్ గ్రాప్పాలో ఆగండి. 1569లో పల్లాడియో అనే వాస్తుశిల్పి గీసిన నమూనాలో కట్టిన చెక్క వంతెన ఉంది, యుద్ధాల్లో, వరదల్లో కూలినా మళ్లీ అలాగే కడుతూ వచ్చారు. పక్కనే మరోస్తికాలో సరి సంఖ్య ఏళ్ల సెప్టెంబర్‌లో నడిబజారులో మనుషులే పావులుగా చదరంగం ఆడతారు. వెరోనా సరేసరి, ఎరీనా అనే రోమన్ల కాలపు రంగస్థలం చూడండి, జూలియెట్ బాల్కనీ దగ్గర క్యూలో నిలబడాలో లేదో మీరిద్దరూ తేల్చుకోండి.

తిండి సంగతి. హోటళ్ల వంటగది మధ్యాహ్నం రెండున్నరకు కట్టేస్తే మళ్లీ రాత్రి ఏడు ఏడున్నరకే. అందుకని ఒకట్రెండు చోట్ల వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకోండి. ఆవకాయ, కందిపొడి, పలాస జీడిపప్పు పట్టుకెళ్లొచ్చు. పాలు, నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు యూరప్‌లోకి రానివ్వరు, కరివేపాకు కట్ట కూడా వద్దు. శాకాహారులు పిజ్జా మారినారా అడగండి, టమాటా, వెల్లుల్లి, నూనె, అంతే. బిల్లులో "కోపెర్తో" అని తలకింత కనిపిస్తే పోట్లాడకండి, అది కూర్చున్నందుకు.

కారు తిరిగిచ్చేటప్పుడు ట్యాంకు నింపి, ఆ బంకు రసీదు, మళ్లీ తీసిన వీడియో, అగ్రిమెంటు అన్నీ ఏడాదికి పైగా దాచండి. విదేశాల్లో ఉండేవాళ్లకు జరిమానా నోటీసు పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంది. రెంటల్ వాళ్లు మన వివరాలు పోలీసులకిచ్చినందుకు కార్డు మీద ముందే కొంత కొట్టేస్తారు, అది జరిమానా కాదు, అసలు జరిమానా తర్వాత ఇంటికొస్తుంది. వచ్చిన ఐదు రోజుల్లోపు కడితే చాలావాటికి 30 శాతం తగ్గుతుంది, కాబట్టి ఆ కవరు టీవీ మీద పెట్టి మర్చిపోకుండా అదే రోజు విప్పి చదవండి.