ఓపెన్ సోర్స్ టూల్‌కి స్పీడ్ ప్యాచ్: నా అనుభవం

మా భీమవరంలో రొయ్యల చెరువుల లెక్కలకి వాడే ఓపెన్ సోర్స్ పైథాన్ టూల్‌లో, ఫైల్ పెరిగేకొద్దీ లోడింగ్ బాగా నెమ్మదించేది. ర్యామ్ పెంచినా, థ్రెడ్లు పెట్టినా లాభం లేకపోయింది.

చివరికి సీప్రొఫైల్‌తో (ఏ ఫంక్షన్‌కి ఎంత టైమ్ పడుతోందో చూపే పైథాన్ సాధనం) నడిపి, ఫంక్షన్ల సొంత టైమ్ (అవి పిలిచే వేరే ఫంక్షన్ల టైమ్ కలపకుండా) ప్రకారం వరస పెట్టి చూశాను. టైమంతా డూప్లికేట్లు పట్టే ఒక్క ఫంక్షన్‌లోనే పోతోంది. ప్రతి ఎంట్రీకీ లిస్ట్ మొత్తం మొదటినుంచి వెతుకుతోంది. క్రమం చెడకుండా లిస్ట్‌ని ఉంచేసి, వెతకడానికి మాత్రం పక్కన ఒక సెట్ పెట్టాను; ఎంట్రీ ఉందో లేదో అందులో మొత్తం వెతక్కుండానే తెలుస్తుంది. పాత టెస్టులన్నీ పాసయ్యాక, మార్పుకి ముందూ తర్వాతా టైమింగ్‌లు తీసి, కొలిచిన స్క్రిప్ట్‌తో సహా పుల్ రిక్వెస్ట్‌లో (మార్పుని అసలు టూల్‌లో కలపమని అడగడం) పెట్టాను. టూల్‌ని చూసుకునే మెయింటెయినర్లు తామే నడిపి చూసుకోగలగాలి, అది చాలా ముఖ్యం. మిగతా కోడ్ ఫార్మాటింగ్ కూడా ముట్టుకోలేదు. మార్పు మెర్జ్ అయింది, అంటే అసలు టూల్‌లో కలిసింది.

సెట్‌కి మెమరీ కాస్త ఎక్కువ పడుతుంది, డిక్షనరీల్లాంటివి అందులో నేరుగా పెట్టలేం. మీ టూల్ నెమ్మదించేది డిస్క్ నుంచి ఫైల్ చదివే దగ్గరైతే ఇది పనిచేయకపోవచ్చు.